పొయ్యి చుట్టూ తిరిగేంత చోటు

చలి అంటే ఏమిటో నాకు పెళ్లయ్యాకే తెలిసింది. మా పుట్టిల్లు ఫ్లాక్ వైపు, సముద్రానికి దగ్గర. మా దీవిలో చలికాలమంటే జూలై, ఆగస్టు నెలలు. పుట్టింటి దగ్గర అప్పుడు కూడా పైట భుజాల చుట్టూ కప్పుకుంటే చాలు. అత్తవారిల్లు మోకా పైన, కొండ పాదం దగ్గర. ఆ నెలల్లో అక్కడ వాన గట్టిగా కురవదు, అలాగని ఆగదు. సన్నటి తుంపర పొద్దున్నే మొదలై రోజంతా వదలకుండా పట్టుకుంటుంది. తాడు మీద ఆరేసిన బట్టలు ఆరేసినట్టే ఉంటాయి. కుండలో ఉప్పు నీరు కారుతుంది. చెక్క గోడల సందుల్లోంచి గాలి కొట్టగానే నాకు ముక్కు కారడమూ, కోపం రావడమూ ఒకేసారి మొదలయ్యేవి. మా ఇంటాయన నవ్వి, ఇదేం చలి, ఆగస్టు రానీ అనేవారు. ఆ మాటకు నాకు ఒళ్లు మండేదే గాని వెచ్చబడేది కాదు.

మా మొదటి బిడ్డ అలాంటి చలికాలంలోనే పుట్టాడు. వెచ్చగా ఉంచమని మంత్రసాని మరీ మరీ చెప్పింది. మట్టి కుంపటిలో నిప్పులు వేసి గదిలో పెట్టాం. తలుపు మూస్తే పొగ, తెరిస్తే చలి. బిడ్డకు దగ్గు పట్టుకుంది. చలికాలం పోకముందే బిడ్డ పోయాడు. ఇంతకన్నా దాని గురించి రాయలేను.

ఆ తర్వాత నన్ను మనిషిని చేసింది మా అత్త. ఆవిడ గురించే ఇదంతా రాస్తున్నాను. పొట్టి మనిషి, నల్లగా గట్టిగా ఉండేది. తలకు కొబ్బరినూనె ఓడేలా పట్టించేది. మాట తక్కువ, పట్టు ఎక్కువ. ఏ వస్తువునైనా ముందు చేత్తో తడిమి చూసేది. బియ్యం ఎండాయో లేదో చేత్తో, ఆవు ఈనబోతుందో లేదో చేత్తో, నాకు జ్వరం ఉందో లేదో కూడా నుదుటి మీద కాదు, మెడ వెనక చెయ్యి పెట్టి చెప్పేది. ఓదార్పు మాటలు ఆవిడకు రావు. నేను ఏడుస్తుంటే పక్కన కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీసేది. నా ఏడుపు అయ్యేదాకా ఆ చిక్కుడుకాయలు కూడా అయ్యేవి కావు.

మామగారు అందుకు పూర్తిగా వేరు. చుట్టుపక్కల మన తెలుగువాళ్లలో రామభజన అంటే ఆయనే పాట ఎత్తుకోవాలి. సాయంత్రం అరుగు మీద పిల్లలకు తెలుగు అక్షరాలు దిద్దించేవారు. నాకూ నాలుగు ముక్కలు రాయడం అక్కడే వచ్చింది. దిక్కులు, తిథులు, ఏ వైపు తల పెట్టి పడుకోవాలి, ఏ వైపు తిరిగి తినాలి, అన్నీ ఆయన చెప్పినట్టే జరగాలి. అత్త ఆయన మాటకు ఎదురు చెప్పేది కాదు. అవసరమైనప్పుడు మాత్రం ఆయన మాటతోనే ఆయన్ని ఒప్పించేది.

నేను రెండోసారి నీళ్లు పోసుకున్నాను. లెక్క చూస్తే పురుడు మళ్లీ చలి నడిమధ్యకే వస్తుందని తేలింది. ఆ రోజు ఇంట్లో ఎవరూ సరిగ్గా అన్నం తినలేదు. మా ఇంటాయన మాత్రం ఆలోచిస్తూ ఉండిపోయారు. ఆ మధ్య ఒక పెద్ద బంగళా దొరలు ఇల్లు ఖాళీ చేసి సముద్రం వైపు వెళ్లిపోతుంటే, సామానంతా మా ఎద్దుబండి మీదే దిగువకు చేరవేశారు. వాళ్ల వంటింట్లో ఒక ఇనప పొయ్యి ఉందట. దిగువన వెచ్చగానే ఉంటుంది, దానితో పని లేదు. బండి తోలినందుకు దాన్ని ఇమ్మని ఈయన అడిగారు. వాళ్లు ఇచ్చేశారు.

ఆ పొయ్యి ఇంటికి వచ్చిన రోజు నాకు ఇంకా కళ్లకు కట్టినట్టే ఉంది. నల్లటి ఇనుము, నాలుగు వంకర కాళ్లు, ముందొక చిన్న తలుపు, పైన పొగ పోయేందుకు పొడుగాటి గొట్టం. కట్టెలు లోపల వేసి తలుపు మూస్తే పొగంతా గొట్టంలోంచి కప్పు మీదికి పోతుంది. వేడి మాత్రం ఇంట్లో ఉంటుంది. మంచి కుంపటి, పొగ లేని కుంపటి! మా ఇంటాయన దాని తలుపు తీసి మూసి, తీసి మూసి చూపిస్తుంటే, బిడ్డ బతికి నా ఒళ్లో ఉన్నంత ధైర్యం వచ్చింది నాకు.

మాది రెండు గదుల ఇల్లు. గోడలు చెక్క, కప్పు రేకు, నేల మట్టి. వంట బయట, చెరకు ఆకు కప్పిన పాకలో. ముందు గదిలో అత్తామామల మంచాలు, వెనక గది మాది. పురుడు ఆ వెనక గదిలోనే. రెండు గదుల మధ్య ఒక్క చెక్క గోడ. పొయ్యి ముందు గదిలో పెట్టి మధ్య తలుపు తెరిచి ఉంచితే రెండు గదులూ వెచ్చబడతాయని అనుకున్నాం. ఎక్కడ పెట్టాలన్నదానికి మామగారు క్షణం కూడా ఆలోచించలేదు.

"అగ్గికి దిక్కు ఆగ్నేయం. ఆ మూలకి తొయ్యండి" అన్నారు.

ఆ గదిలో ఆగ్నేయ మూల అంటే ఒక పక్క బయటి గోడ, ఇంకో పక్క మా గదికీ దీనికీ మధ్య ఉన్న గోడ. మనవాళ్లు మట్టి పొయ్యి వేస్తే మూలకు చేర్చి గోడకు ఆనించే వేస్తారు. అదే అలవాటులో ఈ ఇనప పొయ్యినీ మూలలోకి కుదించి పెట్టాం. గోడ చెక్కది కదా అని మా ఇంటాయన కొంచెం సందేహించారు. దానికీ మా దగ్గర మందు ఉంది. అత్తా నేనూ ఎర్రమట్టి, ఆవుపేడ కలిపి ఆ మూల రెండు వైపులా చెక్కల మీద మందంగా మెత్తాం. మట్టి కాలదు కదా, మట్టి వెనకున్న చెక్క ఎలా కాలుతుంది అనుకున్నాం. ఆరాక దాని మీద నేను చుక్కల ముగ్గు కూడా వేశాను. ఊళ్లో ఎవరిని అడిగినా అలాగే చేయమనేవారు.

మొదటి రోజుల సుఖం ఏమని చెప్పను. బయట తుంపర, లోపల వెచ్చన. మామగారి గొంతు పట్టేయడం మానేసింది. ఆయన పొయ్యి ముందు కూర్చుని తాళాలు పట్టుకుని కొత్త పాటలు సాధన చేసేవారు. ఆ ఇంట్లో ఉప్పు కూడా పొడిగా మారింది. నేను కడుపు మీద చెయ్యి వేసుకుని, ఇక భయం లేదురా అని బిడ్డతో మాట్లాడేదాన్ని.

అత్త ఒక్కతే ఊరికే కూర్చోలేదు. పొయ్యి మండుతున్నంతసేపూ మా గదిలోకి వచ్చి, మధ్య గోడ మీద అరచెయ్యి ఆనించి నిలబడేది. కాసేపటికి చెయ్యి తీసి వెళ్లిపోయేది. ఏమిటత్తా అంటే ఏమీ లేదనేది. ఒక మధ్యాహ్నం అలాగే చెయ్యి ఆనించి, ఉంచలేక తీసేసింది. అరచేతిని చూసుకుంది. నేరుగా ముందు గదిలోకి వెళ్లి పొయ్యిలోని కట్టెలన్నీ లాగి బయట తడి మట్టిలో పారేసింది. మామగారి పాట ఆగిపోయింది.

పొయ్యి చల్లారాక దాన్ని ముందుకు జరిపించి, కత్తి పుచ్చుకుని పూతను గీకింది. నా ముగ్గు మధ్యలోంచి అప్పటికే సన్నటి బీట పారి ఉంది. పూత పెళ్లలుగా ఊడింది. వెనకనున్న చెక్క ఎక్కువ వేగిన అప్పడంలా అంచు నల్లబడి, వేలితో నొక్కితే పొడి రాలింది. అటువైపు, ఆ చెక్కను ఆనుకునే మా మంచం ఉంది.

"పైన మట్టి బాగానే అగుపడతంది. ఎనకాల సెక్క మాడిపోతంది" అంది అత్త.

పొయ్యి వద్దంటే చలి, ఉంచితే ఇల్లు అంటుకోవడం. ఒక బిడ్డను చలికి ఇచ్చాను, ఇంకో బిడ్డను మంటకివ్వాలా అని గోడకు జారగిలబడి కూర్చుని గట్టిగానే ఏడ్చాను. ఈసారి అత్త చిక్కుడుకాయలు తెచ్చుకోలేదు. నా ముందు కూర్చుని, పురుటికి ఈ పొయ్యి ఉంటాదని మాత్రం చెప్పింది. ఎలా ఉంటుందో ఆవిడకూ అప్పటికి తెలియదని నాకు తెలుసు. అయినా నమ్మాను.

మా ఇంటాయన చెక్కల మీద రేకు కొట్టేద్దామన్నారు. రేకు కాలదు కదా అని ఆయన వాదన. అత్త ఆయన్ని బయటి పాకలోకి తీసుకెళ్లింది. అక్కడ పెనం మీద రొట్టె కాలుతోంది. దాన్ని అట్లకాడతో ఎత్తి పట్టుకుంది.

"పెనం కాలిపోదురా. దానికి ఆనిన రొట్టె కాలతాది. సెక్కకి రేకు ఆనించి కొడితే అదే కత."

ఆయన తల గోక్కుని రేకు మాట వదిలేశారు. అత్త ఆ రొట్టె ఎత్తిపట్టుకునే కాసేపు అలా నిలబడిపోయింది. ఆవిడ చూపు పొయ్యి వెనక్కి పోయింది. ఆ పాకలోని మట్టి పొయ్యిని ఆవిడ అత్తగారు వేశారట. దాని వెనక మట్టితో చిన్న అడ్డుగోడ ఉండేది. ఆ అడ్డుగోడకూ, పాక ఆకుగోడకూ మధ్య మూరెడు సందు. అందులో ఎప్పుడూ మా పిల్లి పడుకునేది. బూడిదా చెత్తా పేరుకుంటుందని, ఆవిడ అత్తగారికి చోటు వృథా చేయడం తప్ప ఏమీ తెలియదని, ఆ సందును అత్త కొన్ని వందల సార్లు తిట్టుకుని ఉంటుంది. ఇప్పుడు వంగి అందులో చెయ్యి పెట్టింది. ఎన్నో ఏళ్లుగా మండుతున్న పొయ్యి వెనక ఎండిన చెరకు ఆకు అంటుకోకుండా ఉంది. పిల్లి కళ్లు తెరిచి చూసి మళ్లీ మూసుకుంది.

"ముసిల్ది సెప్పకుండా ఎల్లిపోనాది" అంది అత్త. ఆ మాట తిట్టులా అనలేదు.

అంతే, ఇక ఆవిడ ఆగలేదు. గోడకు ఏదో పూయడం కాదు, గోడకూ వేడికీ మధ్య గాలి ఆడాలి. పొయ్యి మూలలోంచి బయటికి రావాలి. దాని వెనక రెండు వైపులా రాతి అడ్డుగోడ కట్టాలి. ఆ రాతి గోడ కూడా చెక్కకు ఆనకూడదు. ఇదంతా ఆవిడ ఒక పుల్లతో నేల మీద గీసి చూపించింది. అర్థం కానిదేమీ లేదు. అడ్డం ఒక్కటే, మామగారు.

మూల వదిలేస్తే దిక్కు తప్పుతుందని ఆయన మొహం ముడుచుకుని కూర్చున్నారు. పురుడు రాబోయే ఇంట్లో అగ్గిని దిక్కు తప్పించి పెట్టడానికి ఆయన మనసు ఒప్పుకోలేదు. ఆయనా ఒక మనవణ్ని పోగొట్టుకున్న మనిషే. ఆ భయం కూడా అందులో ఉంది. అత్త ఆయన ఎదురుగా నేల మీద కూర్చుంది.

"దిక్కంటే మూల ఒకటే ఏటి? ఆ పక్కంతా ఆగ్నేయమే కదా. మీ బజనలో దీపాన్ని గోడకి ఆనించి ఎడతారా? సుట్టూ తిరగడానికి సోటు ఒదిలే కదా ఎడతారు. ఇదీ అగ్గే. దీనికీ అంత సోటు ఒగ్గండి."

రామభజనలో గది నడుమ దీపపు స్తంభం నిలబెట్టి, దాని చుట్టూ అడుగులు వేస్తూ పాడతారు. ఆ దీపాన్ని గోడకు ఆనించడం మామగారు కలలో కూడా ఊహించలేరు. ఆయన మొహం ఎత్తి ఆ మూల వైపు ఒకసారి చూశారు. తర్వాత ఇక్కడి భాషలో "బొం" అన్నారు. ఆయన సరే అనడం అదే. మర్నాడు పొయ్యి ఎక్కడుండాలో నిర్ణయించింది కూడా ఆయనే. పొయ్యి స్థానంలో పీట ఒకటి పెట్టించి, తాళాలు చేత పట్టుకుని దాని చుట్టూ తిరిగారు. పంచె కొంగు పీటకూ తగలకుండా, మోచెయ్యి గోడకూ తగలకుండా మనిషి తిరగగలిగిన చోట ఆగి, ఇక్కడ అన్నారు. నాకు నవ్వు ఆగలేదు. కాని కొలత మాత్రం అంతకన్నా బాగా కుదిరేది కాదు.

రాళ్లకు మా దీవిలో ఏం కొరత. చెరకు వేయాలంటే ముందు పొలంలో నల్లరాళ్లు ఏరి గుట్టలు పోయాలి. మా పొలంలోనూ అలాంటి గుట్టలున్నాయి. మా ఇంటాయన బండి మీద తోలారు, అత్త ఒక్కో రాయీ ఎంచి పేర్చింది. చెక్క గోడకు ఎడంగా, నా నడుము దాటేంత ఎత్తున, మట్టితో రాతి గోడ లేచింది. చెక్కకూ రాతికీ మధ్య చీపురు దూరేంత సందు వదిలింది. అడుగు వరసలో అక్కడక్కడా రాయి తీసేసి కంతలు ఉంచింది. కిందినుంచి చల్లగాలి దూరాలి, పైనుంచి వేడిగాలి పోవాలి అని. పొగగొట్టాన్ని కప్పు వాసాలకు దూరంగా జరిపించి, రేకులో అది దూరే కంత చుట్టూ చెక్క అనేది లేకుండా కోయించింది.

ఇన్ని జరిపేసరికి ముందు గది సగమైంది. పొయ్యికీ దాని చుట్టూ చోటుకీ పోగా ఒక్క మంచమే పట్టింది. అది మామగారికి ఇచ్చి, అత్త తన మంచం పాకలోకి చేర్పించింది. నాకు చాప చాలులే అంది. ఆ మంచం మీద ఆవిడ మళ్లీ పడుకోగా నేను చూడలేదు.

పొయ్యి మళ్లీ వెలిగించిన రోజున నేను మా గదిలోకి వెళ్లనన్నాను. ఒకసారి నల్లబడ్డ చెక్కను చూసిన కళ్లు, ఎవరెన్ని చెప్పినా నమ్మవు. అత్త బలవంతం చేయలేదు. నన్ను పక్కింటి వాళ్ల దగ్గర పడుకోమని, తన చాప మా గదిలో ఆ మధ్య గోడ వారన పరుచుకుంది. పొయ్యిలో కావలసినదానికన్నా ఎక్కువ కట్టెలు వేయించింది. పొద్దున నేను గుమ్మంలో నిలబడి ఎలా ఉందని అడిగితే, "గోడ గోడలాగే ఉంది" అనేది. నిద్ర పట్టిందా అంటే, హాయిగా తొంగున్నాననేది. అలా కొన్నాళ్లు గడిచాక ఒక పొద్దున నా చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి, నా అరచేతిని ఆ చెక్క మీద ఆనించి, పైన తన చెయ్యి ఉంచింది. పొయ్యి గట్టిగా మండుతోంది. గోడ నా చేతికన్నా చల్లగా ఉంది. ఆ రోజునుంచే నేను ఆ గదిలో పడుకున్నాను.

ఆడపిల్ల పుట్టింది. బయట తుంపర ఆగలేదు, గాలి ఆగలేదు. లోపల మంత్రసాని చెమట తుడుచుకుంది. పిల్ల గులాబీ రంగులో, గుప్పిళ్లు విప్పుకుని, దుప్పటి తన్నేసి పడుకుంది. నేను దాని ఊపిరి వింటూ పడుకునేదాన్ని. ఎక్కడా గరగర లేదు. అత్త పిల్లను ఉయ్యాలలో వేసే ముందు ప్రతిసారీ వెళ్లి గోడకు అరచెయ్యి ఆనించి వచ్చేది. దేవుడికి దండం పెట్టడం మరిచిపోయిన రోజులున్నాయి గాని, ఇది మరిచిన రోజు లేదు. పురిటాలికి తోడని ఆవిడ చాప మా గదిలోనే, ఆ గోడ వారనే ఉండిపోయింది. నాకు మెలకువ వచ్చి చూసినప్పుడల్లా కూర్చునే కనిపించేది. నిద్ర పట్టలేదా అత్తా అంటే, ఇప్పుడే లేచానమ్మా అనేది. పెద్దవాళ్ల నిద్ర అంతే కదా అని నేను అటు తిరిగి పడుకునేదాన్ని.

ఆ చలికాలం పోయింది. ఆ తర్వాత ఎన్నో పోయాయి. పిల్ల పెరిగింది, దాని తర్వాత ఇద్దరు మగపిల్లలు పుట్టారు, ముగ్గురూ ఆ పొయ్యి వెచ్చదనంలోనే పెరిగారు. మామగారు పోయారు, తర్వాత అత్త. మొన్న పాత ఇల్లు విప్పి రాతి ఇల్లు కట్టడం మొదలుపెట్టాం. నేనూ మా అమ్మాయీ కలిసి చెక్కలు ఒక్కోటీ తీసి వేరుగా పెడుతున్నాం. మధ్య గోడ చెక్కలు ముందు గది వైపు చూస్తే, అప్పుడు నల్లబడిన ఆ ఒక్క మచ్చ అంతే ఉంది. ఇన్నేళ్ల మంటకూ అది వేలెడు కూడా పెరగలేదు. చూసి పొంగిపోయాను. మా అత్త కట్టిన గోడ అది.

తర్వాత అమ్మాయి ఆ చెక్కను తిప్పింది. మా గది వైపున దాని మీద గుండ్రంగా ఒక మరక. కొబ్బరినూనె తాగి తాగి చెక్క నల్లగా నిగనిగలాడుతోంది. ఇదేమిటమ్మా, కడిగితే పోతుందా అని అడిగింది. నేను ఆ చెక్కను తీసుకెళ్లి, అది ఎలా ఉండేదో అలా, మొదలు నేలకు ఆనించి నిలబెట్టాను. పక్కనే నేల మీద కూర్చుని వీపు ఆనించాను.

చాప మీద పడుకున్న మనిషి తల నేలకు దగ్గరగా ఉంటుంది. ఆ మరక అక్కడ లేదు. కూర్చున్న నా మెడ దగ్గరికి వచ్చింది. అత్త నాకన్నా పొట్టి.